జీన్ పేరు చెప్పి తల్లిని దెప్పుతరా?

తాండూరు దిక్కు ఒక ఊళ్లె మొన్న ఒక తల్లిని కలిసిన. కొడుక్కు డౌన్ సిండ్రోమ్. "గ్రహణం నాడు బయటికొచ్చినవ్, గందుకే గిట్ల పుట్టిండు" అని అత్త ఇప్పటికీ దెప్పుతదట. ఫోన్ల సదివిన మరిదేమో "నీ జీన్‌లనే లోపముంది వదినె" అన్నడట. రెండూ ఒకటే నింద తమ్మీ.

మన కణంల క్రోమోజోములు 46, అంటే 23 జతలు. డౌన్ సిండ్రోమ్‌ల 21వది రెండుకు బదులు మూడుంటయి. ఎక్కువశాతం కణం చీలేటప్పుడు జరిగే పొరపాటిది. ఎవ్వరి చేతుల లేదు.

మరిది చెప్పిన జీన్ ఎంటీహెచ్ఎఫ్ఆర్. ఫోలేట్‌ను ఒంటికి పనికొచ్చేటట్టు మార్చుడు దీని పని. ఇది మెల్లగ పనిచేసి, తిండిల ఫోలేట్ కూడా తక్కువైతే, రక్తంల హోమోసిస్టీన్ పెరుగుతది. తల్లిల ఈ మార్పుకూ డౌన్‌కూ సంబంధముందా అని 1999 నుంచి దేశదేశాల పరిశోధన నడిచింది. కొన్ని ఉందన్నయి, కొన్ని లేదన్నయి. ఈ మార్పున్న లక్షలమందికి మామూలు పిల్లలే పుడుతున్నరు.

అసలు ముచ్చట పిల్లగాని ఒంట్ల ఉంది. హోమోసిస్టీన్‌ను తగ్గించే సీబీఎస్ జీన్ ఉండేదే 21వ క్రోమోజోము మీద. అది మూడైతది కాబట్టి వీళ్లల్ల హోమోసిస్టీన్ మామూలుగ తక్కువే ఉంటది. ఎక్కువొస్తే బీ12, ఫోలేట్, థైరాయిడ్ పరీక్ష చేయించాలె. మన తాండూరు కందిపప్పుల, పాలకూరల ఫోలేట్ ఉంది. బీ12కు పాలు, గుడ్లు, మాంసం కావాలె.

గా తల్లికి కావల్సింది నింద కాదు. పిల్లగానికి గుండె పరీక్ష, బడి, 2016 దివ్యాంగుల చట్టం ఇచ్చిన హక్కులు. ఫోన్ పట్టిన మనం గివి సదివి చెప్దాం.