స్టెల్త్ అంటే మాయమైపోవడం కాదు: ఎఫ్-35, రఫేల్ తేడా ఏంటి?

"ఎఫ్-35 గొప్పదా, రఫేల్ గొప్పదా?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు ఒక్క మాట చెప్తాను. స్టెల్త్ అంటే విమానం మాయమైపోవడం కాదు. దాని ఆకారం, పూత వల్ల రాడార్‌కి తిరిగి వెళ్ళే తరంగాలు బాగా తగ్గిపోతాయి, అంతే. అందుకే శత్రువు దాన్ని బాగా దగ్గరికొచ్చాకే పసిగడతాడు. ఈలోపే ఎఫ్-35 మిసైల్ వదిలేయగలదు.

మరి దీనికి ఖరీదు లేదా? ఉందండి. ఆయుధాలన్నీ పొట్టలోనే దాచుకోవాలి. రెక్కల కింద తగిలిస్తే స్టెల్త్ దెబ్బతింటుంది. రఫేల్‌కి ఆ బాధ లేదు, బయటే 9.5 టన్నుల దాకా మోస్తుంది. రాడార్‌కి కనబడుతుంది నిజమే, కానీ స్పెక్ట్రా అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థతో ఆ రాడార్లనే తికమకపెడుతుంది.

ఇంకో సంగతి. 1999 మార్చి 27న సెర్బియాలో అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117ని కూల్చింది 1960ల నాటి సోవియట్ ఎస్-125 మిసైలే! పొడవైన తరంగాల రాడార్ల ముందు స్టెల్త్ అంతగా పనిచేయదు.

మన ఏఎంసీఏని కూడా పొట్టలో ఆయుధాలు దాచుకునేలాగే డిజైన్ చేస్తున్నారు. అది చేతికొచ్చేదాకా మన ఆకాశాన్ని కాయాల్సింది రఫేల్, సుఖోయ్, తేజస్‌లాంటివే. అందుకే నన్నడిగితే, ఏది గొప్ప అని కాదు, ఏ పనికి ఏది అని అడగాలి.