గొడ్ల కోసం పుట్టిన రక్తపరీక్ష

అమెరికాలో గ్రీన్‌కార్డు వైద్యపరీక్షకు వెళ్లిన తెలుగువాళ్లకు ఒక రక్తపరీక్ష గుర్తుండే ఉంటుంది. క్షయ సోకిందో లేదో చూడ్డానికి ముంజేతి చర్మంలోకి మందు ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలిచే పాత పద్ధతిని అక్కడ 2018 అక్టోబరు నుంచి పక్కనపెట్టారు. ఇప్పుడు రక్తం ఇచ్చి వస్తే చాలు, వాపు చూపించుకోవడానికి మళ్లీ వెళ్లనక్కర్లేదు. మన ఊళ్ల డయాగ్నొస్టిక్ సెంటర్లలో ‘టీబీ గోల్డ్’ అని రాసే పరీక్ష కూడా ఇదే. ఖరీదు ఎక్కువే, రిపోర్టు నీటుగా ఉంటుంది. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే మాత్రం ఆస్ట్రేలియాలోని పశువుల దొడ్లలో తేలతాం. రోగనిర్ధారణలో మామూలుగా మనిషి వాడగా మిగిలిందే పశువుకు దక్కుతుంది. ఇక్కడ వరస తిరగబడింది.

ఆస్ట్రేలియా 1970లో పశువుల క్షయనూ బ్రుసెల్లోసిస్‌నూ దేశం నుంచి తుడిచిపెట్టాలని నడుం కట్టింది. క్షయకు చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ట్యూబర్‌క్యులిన్. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1890లో దీన్ని క్షయకు మందు అని ప్రకటించి భంగపడ్డాడు. మందుగా పనికిరాలేదు గాని, ఒంట్లో క్షయ ఉన్న పశువుకు ఎక్కిస్తే తేడా తెలుస్తుందని పశువైద్యులు వెంటనే పసిగట్టారు. క్షయ క్రిముల నుంచి తీసిన ఆ ప్రోటీన్ల ద్రవాన్ని తోక మొదట్లో ఉండే చర్మపు ముడతలోకి రవ్వంత ఎక్కించి, 72 గంటలయ్యాక తడిమి చూడాలి. అక్కడ గట్టిపడి వాచిందంటే ఆ గొడ్డు కబేళాకే.

పాలకోసం కట్టేసుకునే ఆవుకైతే ఇది ఇబ్బందేమీ కాదు. ఉత్తర ఆస్ట్రేలియా సంగతి వేరు. అక్కడ ఒక్కో పశుక్షేత్రం మన జిల్లా అంత ఉంటుంది. గొడ్లు మనిషి మొహం చూసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, గుర్రాలతోనూ హెలికాప్టర్లతోనూ తరిమి ఒకచోట చేర్చినప్పుడు. సూది వేశాక మూడో రోజు దాకా వేల పశువుల్ని మేతా నీళ్లూ ఇచ్చి దొడ్లో నిలబెట్టాలి, లేదా వదిలేసి మళ్లీ తోలుకురావాలి. రెండోసారి అన్నీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. పైగా తడిమే వేలిని బట్టి తీర్పు మారుతుంది. ఒకసారి సూది పడ్డ పశువుకు కొన్నాళ్ల దాకా మళ్లీ వేస్తే సరిగా స్పందించదు. ఒక్కసారి పట్టుకుని, రక్తం తీసి వదిలేసే దారి కావలసి వచ్చింది.

రక్తంలో ఏం వెతకాలి? చాలా జబ్బుల్లో యాంటీబాడీలు వెతుకుతారు. క్షయలో ఆ పప్పులుడకవు. క్షయ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి తొలిదశలో శరీరం దానితో పోరాడేది టి-లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలతో. యాంటీబాడీలు ఆలస్యంగా, జబ్బు ముదిరాక పెరుగుతాయి. టి-కణం ఒకసారి ఎదుర్కొన్న శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ ఆ ప్రోటీన్ తగిలితే చుట్టుపక్కల కణాలను ఉసిగొల్పడానికి కొన్ని చిన్న ప్రోటీన్లను వదులుతుంది. వీటిని సైటోకైన్లు అంటారు. క్షయ విషయంలో వాటిలో ముఖ్యమైనది గామా ఇంటర్‌ఫెరాన్. అది అందుకున్న మాక్రోఫేజ్ కణం తాను మింగిన క్రిమిని చంపడానికి పూనుకుంటుంది. తోక దగ్గర వాపు తెప్పించే గొలుసులోనూ ఈ ప్రోటీన్ పాత్ర ఉంది. ఆ గొలుసు ఒంట్లో జరిగేదాకా ఆగకుండా, పశువు రక్తాన్నే గాజుపాత్రలో పోసి, ట్యూబర్‌క్యులిన్ కలిపి, రాత్రంతా వెచ్చగా ఉంచి, పొద్దున్నే గామా ఇంటర్‌ఫెరాన్ పుట్టిందో లేదో కొలిస్తే సరి. మెల్‌బోర్న్ శివారు పార్క్‌విల్‌లో, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌ఓ పశు ఆరోగ్య విభాగంలో పాల్ వుడ్, లీ కార్నర్, జేమ్స్ రోథెల్ తదితరులు 1980ల చివర పట్టుకున్న ఆలోచన ఇదే.

ఆలోచన బానే ఉంది, కొలవడం దగ్గరే చిక్కు. ఇంటర్‌ఫెరాన్‌ను కొలిచే పాత పద్ధతిలో కణాలను పెంచి, వాటికి నమూనా పోసి, పైన వైరస్ వదిలి, ఎన్ని కణాలు బతికాయో చూసేవారు. వైరస్‌ను అడ్డుకోవడాన్ని బట్టే 1957లో దానికా పేరు వచ్చింది. ఈ తంతుకు రోజులు పడతాయి, చేయి తిరిగినవాళ్లు కావాలి. వేల నమూనాలకు కుదిరే పని కాదు. ఆ ఒక్క ప్రోటీన్‌నే, రక్తంలోని మరి దేన్నీ ముట్టుకోకుండా పట్టుకునే యాంటీబాడీ కావాలి. అలాంటిది ఎప్పటికీ ఒకేలా, తరగకుండా దొరకాలి.

ఆ సదుపాయం వచ్చి అప్పటికి పదిహేనేళ్లు కూడా కాలేదు. జంతువుకు ఒక ప్రోటీన్ ఎక్కిస్తే దాని ఒంట్లో వేల రకాల బి-కణాలు తలా ఒక రకం యాంటీబాడీ చేస్తాయి. రక్తంలో దొరికేది ఆ కలగూరగంప. ఆ జంతువు పోతే అదీ పోతుంది, ఇంకో జంతువులో అచ్చం అదే మిశ్రమం రాదు. ఒక్క బి-కణాన్ని విడదీసి పెంచుదామంటే అది గాజుపాత్రలో కొద్దిరోజులకే చచ్చిపోతుంది. మైలోమా అనే కేన్సర్ కణమేమో చావులేకుండా పెరుగుతూనే ఉంటుంది గాని మనక్కావలసిన యాంటీబాడీ చెయ్యదు. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వ వేధింపుల రోజుల్లో దేశం విడిచివచ్చిన సెసార్ మిల్‌స్టెయిన్, జర్మనీ నుంచి వచ్చిన కుర్ర శాస్త్రవేత్త జార్జ్ కోలర్ కేంబ్రిడ్జిలో ఈ రెండింటినీ కలిపేశారు. నాటు మామిడి మొదలుకు మంచి కొమ్మను అంటుకట్టినట్టు, మైలోమా కణం ఆయుష్షూ బి-కణం పనితనమూ ఒకే కణంలోకి వచ్చాయి. 1975 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో వ్యాసం వచ్చింది.

అందులో నాకు ఎప్పుడూ ముచ్చటగొలిపేది కలపడం కంటే ఏరడం. వేల కణాల్లో కలిసినవి కొన్నే. వాటిని వేరుచేయడానికి వాడిన ఎత్తు చూడండి. కణానికి డీఎన్ఏ సామగ్రి సమకూర్చుకునే దారులు రెండు. కొత్తగా తయారు చేసుకోవడం ఒకటి, పాతది తిరిగి వాడుకోవడం ఒకటి. మొదటిదాన్ని అమినోప్టెరిన్ అనే మందుతో మూసేస్తారు. రెండోదానికి కావలసిన ఎంజైమ్ లేని మైలోమా రకాన్నే ముందుగా ఎంచుకుంటారు. దాంతో ఒంటరి మైలోమా కణాలు చస్తాయి. ఒంటరి బి-కణాలు ఎలాగూ చస్తాయి. కలిసినవాటికి మాత్రం బి-కణం నుంచి ఆ ఎంజైమ్ సంక్రమిస్తుంది కనుక బతుకుతాయి. ఆ పైన ఒక్కో గుంటలో ఒక్కో కణం పడేలా పలచన చేసి పెంచితే, ఒక్క కణం సంతానమంతా ఒకే రకం యాంటీబాడీ ఇస్తుంది. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటే అది. ద్రవ నైట్రోజన్‌లో దాచుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు కరిగించి పెంచుకోవచ్చు. ఇంతటిదానికి పేటెంటు తీసుకోలేదు. పేటెంట్ల వ్యవహారం చూసే బ్రిటిష్ సంస్థకు దీంట్లో వెంటనే కనబడే ప్రయోజనం తోచలేదు. 1984లో కోలర్, మిల్‌స్టెయిన్, నీల్స్ యెర్నె ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఎంత డబ్బు చేజారిందో ఆ తర్వాత బ్రిటన్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. ఎవరైనా సరే కణాలు అడిగి తెచ్చుకుని, పద్ధతి నేర్చుకుని, గొడ్ల జబ్బుల మీద కూడా పనిచేయగలిగారంటే అందులో ఆ పేటెంటు లేకపోవడానికి కొంత పాత్ర ఉందనే నా అభిప్రాయం.

గొడ్ల శాస్త్రవేత్తలకు మరో లోటు ఉండేది. మనిషి సైటోకైన్లకూ ఎలుక సైటోకైన్లకూ యాంటీబాడీలు బజార్లో దొరికేవి. ఆవు గామా ఇంటర్‌ఫెరాన్ మనిషిదానికి భిన్నం. మనిషిదాన్ని పట్టే యాంటీబాడీ ఆవుదాన్ని పడుతుందన్న భరోసా లేదు. ఎవరికి వారు చేసుకోవలసిందే. చేసుకోవాలన్నా ఎలుకకు ఎక్కించడానికి శుద్ధమైన ఆవు ప్రోటీన్ కావాలి. రక్తంలోంచి దాన్ని తీయబోతే దొరికేది అత్యల్పం. 1986లో ఆవు గామా ఇంటర్‌ఫెరాన్ జన్యువును వేరుచేసి, బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ చేయించడంతో ఆ తలుపు తెరుచుకుంది. చిట్టెలుకలకు దాన్ని ఎక్కించి, ప్లీహం తీసి, అంటుకట్టి, వందల గుంటలు వడపోశారు. 1990లో పార్క్‌విల్ బృందం ఆవు గామా ఇంటర్‌ఫెరాన్‌ను గుర్తించే మోనోక్లోనల్ యాంటీబాడీలను ప్రకటించింది.

ఇలాంటి ఏరివేతలో ఓపిక నశించే చోటు ఒకటుంది. బ్యాక్టీరియా చేసిన ప్రోటీన్‌ను పట్టుకున్న యాంటీబాడీ, ఆవు తన ఒంట్లో చేసుకున్న అసలుదాన్నీ పట్టుకోవాలని లేదు. పట్టుకున్నా, రక్తపు ప్లాస్మాలోని వందల ప్రోటీన్ల మధ్య తడబడకూడదు. పైగా ఒకటి చాలదు, జత కావాలి. ఎలీసా అనే ఈ కొలత పద్ధతిలో ప్లేటు గుంట అడుగున ఒక యాంటీబాడీ అంటిపెట్టుకుని ఉంటుంది. ప్లాస్మా పోస్తే అందులోని ఇంటర్‌ఫెరాన్‌ను అది పట్టి ఉంచుతుంది. మిగతాదంతా కడిగేశాక, రంగు పుట్టించే ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీ వచ్చి అదే ప్రోటీన్‌ను ఇంకోవైపు నుంచి పట్టుకోవాలి. రెండూ ఒకే చోట పట్టుకోబోతే రెండోదానికి జాగా ఉండదు. విడివిడిగా భేషైన యాంటీబాడీలు జతకట్టలేక మూలపడటం ఈ రంగంలో మామూలే. జత కుదిరాక పని సులువు. రంగు ఎంత ముదిరితే ఇంటర్‌ఫెరాన్ అంత ఉన్నట్టు, యంత్రం అంకెలో చెప్పేస్తుంది.

ఒక పశువు రక్తాన్ని మూడు గుంటల్లో పోస్తారు. ఒకదానిలో ఏమీ కలపరు. రెండోదానిలో ఆవు క్షయ ట్యూబర్‌క్యులిన్, మూడోదానిలో పక్షి క్షయ ట్యూబర్‌క్యులిన్ కలుపుతారు. పక్షి క్షయతో పనేమిటంటే, మట్టిలో నీళ్లలో ఉండే క్షయ క్రిమి దాయాదులు, నిరపాయకరమైనవి, పశువుకు తగులుతూనే ఉంటాయి. అవి తగిలిన పశువు పక్షిదానికే ఎక్కువ స్పందిస్తుంది. రెండు అంకెల తేడాలో తీర్పు ఉంది. నమూనాలు మోసేవాళ్లకు ఒక హెచ్చరిక ఉంటుంది, ఐసులో పెట్టవద్దని. మామూలు రక్తనమూనాకు ఐసు మంచిది. ఇక్కడ టి-కణాలు బతికి ఉండి పనిచేయాలి కాబట్టి మామూలు గది ఉష్ణోగ్రతలో, గంటల వ్యవధిలో ల్యాబుకు చేరాలి.

ఆరు వేలకు పైగా పశువుల మీద చూశాక ఆస్ట్రేలియా 1991లో దీన్ని అధికారిక పరీక్షగా ఒప్పుకుంది. బోవిగామ్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1997 డిసెంబరు 31న దేశం పశువుల క్షయ నుంచి విముక్తమైనట్టు ప్రకటించుకుంది. ఆ ఘనతంతా ఈ పరీక్షకు కట్టబెట్టడం అన్యాయం. తోక ముడతను తడిమిన వేళ్లూ, కబేళాల్లో ఊపిరితిత్తులు కోసి చూసిన తనిఖీదారులూ, ఉత్తరాదిన అడవిపాలైన నీటిగేదెలను వేలల్లో కాల్చిపారేసిన కఠిన నిర్ణయాలూ అందులో పెద్ద వాటాదారులు. బ్రిటన్, ఐర్లండ్లలో దీన్ని చర్మపరీక్షకు తోడుగా, జబ్బు తేలిన మందల్లో మిగిలిపోయినవాటిని వెతకడానికి వాడుతున్నారు. ఎక్కువ పశువుల్ని పట్టిస్తుంది, అందులో జబ్బులేనివీ కొన్ని పడతాయి. ఆ పాడి రైతుల కోపం ఈ పరీక్షకు ఇప్పటికీ వదల్లేదు.

ఆవు కోసం చేసిన ఈ యాంటీబాడీలు గేదె, గొర్రె, మేక ఇంటర్‌ఫెరాన్లనూ పట్టుకుంటాయి. ఆ ప్రోటీన్లు అంత దగ్గరి చుట్టాలు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు అడవిదున్నలకు ఈ పరీక్ష చేయగలగడం అందుకే. జింకల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే యాంటీబాడీలు చేసుకోవలసి వచ్చింది.

మనిషి వంతు తర్వాత వచ్చింది. పద్ధతి అదే, యాంటీబాడీల జత మాత్రం మనిషి ఇంటర్‌ఫెరాన్‌కు సరిపడేది. 2000లో జేమ్స్ రోథెల్, టోనీ రాడ్‌ఫర్డ్ మెల్‌బోర్న్‌లో సెలెస్టిస్ అనే కంపెనీ పెట్టారు. క్వాంటిఫెరాన్ పేరుతో వాళ్లు తెచ్చిన పరీక్షను 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. 2011లో కియాజెన్ అనే పెద్ద సంస్థ సెలెస్టిస్‌ను కొనేసింది. మొదటి రూపంలో ఒక లోపం ఉండేది. ట్యూబర్‌క్యులిన్ వాడటం వల్ల బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లు కూడా స్పందించేవారు. బీసీజీ అసలు ఆవు క్షయ క్రిమే మరి! ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ పదమూడేళ్లు 230 సార్లు మార్చిమార్చి పెంచి దాన్ని సాధుజీవిని చేశారు. ఆ బలహీనతలోనే పరిష్కారం దొరికింది. ఆ పెంపకంలో బీసీజీ ఒక జన్యుఖండాన్ని పోగొట్టుకుంది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రోటీన్ల జన్యువులు ఆ ఖండంలో ఉంటాయి. ట్యూబర్‌క్యులిన్ తీసేసి ఆ రెండూ కలిపితే, భుజం మీద టీకా మచ్చ ఉన్నా పరీక్ష మోసపోదు. పేరులో ‘గోల్డ్’ చేరింది ఆ తర్వాతే. అయినా ఇది చెప్పేది క్షయ క్రిమి ఎప్పుడో ఒంట్లో అడుగుపెట్టిందన్న సంగతి వరకే. ఇప్పుడు జబ్బుగా ఉందా, లోపల నిద్రపోతోందా అన్నది చెప్పలేదు. మన దేశంలో చాలామంది పెద్దవాళ్ల ఒంట్లో ఆ నిద్రాణమైన క్రిమి ఉంటుంది కాబట్టి, దగ్గుతో వచ్చిన మనిషికి కఫపరీక్ష వదిలేసి ఇది రాయడం డబ్బు దండగ.

మన గొడ్ల సంగతికి వస్తే, 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులూ గేదెలూ కలిపి 30 కోట్లకు పైనే. క్షయ తేలినవాటిని చంపేసే ఆస్ట్రేలియా మార్గం ఇక్కడ నడవదు. మిగిలింది టీకా. 2024లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఇథియోపియా అధ్యయనంలో దూడలకు బీసీజీ వేస్తే మొత్తంమీద 89 శాతం ఫలితం కనిపించింది. టీకా వేసిన దూడ ట్యూబర్‌క్యులిన్‌కు స్పందిస్తుంది కనుక జబ్బు పశువును వేరుచేసి చూడాలంటే మళ్లీ ఆ ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 జోడీయే దిక్కు. రక్తపరీక్షలోనైతే యాంటీబాడీల ప్లేటు మార్చనక్కర్లేదు, గుంటలో కలిపేది మారిస్తే చాలు. కాని వెచ్చని రక్తాన్ని గంటల్లో ల్యాబుకు చేర్చే ఏర్పాటు ప్రతి మండలంలోనూ ఉండదు. అందుకని శాస్త్రవేత్తలు ఆ ప్రోటీన్లనే చర్మంలోకి ఎక్కించి 72 గంటల తర్వాత చూసే పరీక్షగా కూడా తయారుచేశారు. ఇంటి వాకిట్లో గుంజకు కట్టేసిన ముర్రా గేదె మూడో రోజున కూడా అక్కడే ఉంటుంది కనుక మనకు అదే చవక.