వడ్డన ఒక్కటే కాదు మా పని

విమానంలో వుద్యోగమంటే మన యిళ్ళలో పెద్దలు రెండు మాటలంటారు. మొదటిది, "అబ్బ, యెన్ని దేశాలు చూస్తారో!" రెండవది కాస్త గొంతు తగ్గించి, "యెంతైనా వడ్డన పనే గదా!" పెళ్ళి సంబంధాల వేళకు యీ రెండవ మాటే ముందుకు వస్తుంది. బళ్ళారి, హోసూరు, బరంపురం వంటి చోట్ల తెలుగు యిళ్ళలో పుట్టి యీ పనిలో చేరిన మేము ఆ మాట చాలాసార్లు విన్నాము. కోపగించుకొని లాభం లేదు. మా పని యెటువంటిదో చెప్పటమే మేలని తోచింది.

నిజానికి విమానం మనవాళ్ళకు కొత్త గాదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. అక్కడినుంచి ఆ టపాను నెవిల్ వింట్సెంట్ మద్రాసుకు చేర్చాడు. దారిలో ఆయన దిగింది బళ్ళారిలోనే. అది వుత్తరాల విమానం కాబట్టి మావంటివారి అవసరం లేకపోయింది. అంతకు రెండేళ్ళ ముందే, 1930 మేలో, అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు ప్రయాణీకులను చూసుకొనే తొలి మహిళగా విమానమెక్కింది. అంటే మా వృత్తి పుట్టింది వంటింట్లో గాదు, ఆసుపత్రిలో.

యీనాటికీ మాకిచ్చే శిక్షణలో పళ్ళెం పట్టుకోవటం చిన్న భాగమే. మంట ఆర్పటం, పొగలో దారి వెదకటం, ఆగిన గుండెను మళ్ళీ ఆడించే ప్రయత్నం చేయటం, నీటిమీద దిగవలసివస్తే ఏం చేయాలో తెలుసుకోవటం, యివీ ముఖ్యమైనవి. సాధారణంగా యాభై సీట్లకు ఒకరి చొప్పున మేము వుండవలెనని నియమం. 180 సీట్ల విమానంలో నలుగురన్నమాట. కొత్తరకం విమానానికి అనుమతి యివ్వకముందు, చీకటిలో, సగం తలుపులే వాడి, అందరూ 90 సెకండ్లలో బయటపడగలరని రుజువు చేయాలి. ఆ 90 సెకండ్లే మా వుద్యోగానికి మూలం.

ప్రయాణీకులు విసుక్కొనే మా మాటలన్నిటికీ కారణాలున్నవి. రాత్రివేళ విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు దీపాలు తగ్గిస్తాము. ఆపద వస్తే మీ కళ్ళు అప్పటికే చీకటికి అలవాటు పడి వుండాలని. కిటికీ మూత యెత్తమంటాము. ఆ వైపు మంటలున్నవేమో చూసి తలుపు తీయాలని. ప్రాణవాయువు ముసుగు ముందు మీరు పెట్టుకొని, తర్వాత బిడ్డకు పెట్టమంటాము. తల్లి మనసుకు యిది కఠినంగా తోస్తుంది. కాని 35,000 అడుగుల యెత్తున గాలి పోతే నిమిషంలోపే స్పృహ తప్పవచ్చు. తల్లి పడిపోతే బిడ్డకు దిక్కెవరు? మా చిన్న సీటులో మేము మౌనంగా కూర్చున్నప్పుడు కూడా, ఏ తలుపు యెలా తీయాలి, ఏమని కేక వేయాలి అని మనసులో వల్లె వేసుకొంటూనే వుంటాము.

ఆ వల్లెవేత వూరికే పోదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, దిగుతూ రన్‌వేమీద మరో చిన్న విమానాన్ని ఢీకొని అంటుకొన్నది. ఆ చిన్న విమానంలో అయిదుగురు చనిపోయారు. పెద్ద విమానంలోని 379 మందీ బ్రతికారు. మైకు పనిచేయలేదు; ఎనిమిది తలుపులలో మూడే వాడటానికి వీలయింది. పరిచారికలు గొంతెత్తి దారి చూపారు, ప్రయాణీకులు సంచులు వదలి నడిచారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో సాయుధులు విమానాన్ని పట్టుకొన్నప్పుడు, నీరజా భనోత్ యితరులను కాపాడుతూ ప్రాణం విడిచింది. అప్పటికామెకు యిరవైమూడేళ్ళు నిండలేదు. ప్రభుత్వం అశోక చక్రంతో గౌరవించింది.

యింతటి పనికీ గౌరవం తేలికగా రాలేదు. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు తొలి గర్భంతోనే పరిచారిక వుద్యోగం పోయేది. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. చేరిన నాలుగేళ్ళలో పెళ్ళి కూడదన్న నిబంధనను మాత్రం అప్పుడు నిలిపింది. నేడు మాతోబాటు పనిచేసేవారిలో పిల్లల తల్లులు అనేకులున్నారు.

కష్టం లేదనము. ఉగాది పచ్చడి ఫోనులో చూస్తాము. వూళ్ళో తెల్లవారితే మాకు నిద్రవేళ. వీపు నొప్పి, పొడిబారిన గొంతు నిత్యమూ వుండేవే. కాని తృప్తీ వున్నది. మాలో ఒకరికి ఆ మధ్య అమెరికా ప్రయాణంలో కోలారు వైపు పెద్దావిడ తటస్థపడింది. మనుమడి దగ్గరకు వెళుతున్నది. మరుగుదొడ్డి తలుపు తెరవటం తెలియక, అడగటానికి భాష రాక, గంటలతరబడి నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నది. "ఏమన్నా కావాలా అవ్వా?" అని తెలుగులో అడిగేసరికి ఆమె చెయ్యి పట్టుకొని, "నువ్వు మనోళ్ళ పిల్లవా తల్లీ!" అన్నది. తరతరాలుగా పరాయి భాషల నడుమ యింట్లో కాపాడుకొన్న తెలుగు, ఆకాశంలో ఒక ముసలితల్లికి గుక్కెడు నీరయింది.

కనుక మన కుటుంబాలవారికి మా మనవి రెండు. తదుపరి ప్రయాణంలో మేము తలుపులు చూపేటప్పుడు ఒక్క నిమిషం తలయెత్తి చూడండి. లేచి పరుగెత్తవలసివస్తే సంచి వదిలేయండి. మీ యింటి ఆడపిల్ల యీ పని చేస్తానంటే, జీతమెంత, సెలవులెన్ని, ఆరోగ్యం తట్టుకొంటుందా అని తప్పక అడగండి. వడ్డన పనే గదా అని మాత్రం అనకండి. మన సంస్కృతిలో వడ్డించే చేతికి యెన్నడూ చిన్నతనం లేదు. ఆ చేతికే ప్రాణం కాపాడే నేర్పు కూడా వున్నదని తెలుసుకొంటే చాలు.