గుడారములలో ప్రారంభమైన రాష్ట్రము

ఇటీవల సభలయందు ఉపన్యసించు పెద్దలు సింగపూరు దేశమును తరచుగా నుదాహరించుచుందురు. అది 1965వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన మలేషియానుండి వేరుపడి స్వతంత్రమైన చిన్న ద్వీపము. చెప్పుకొనదగిన పొలములు లేవు, గనులు లేవు, త్రాగునీటిని సైతము చాలవరకు పొరుగుననున్న జోహోరునుండి గొట్టములద్వారా కొని తెచ్చుకొనవలసినదే. అట్టి ద్వీపము ఒక తరము గడచునంతలో సంపన్నదేశముల సరసన నిలిచినది. ఈ యుదాహరణము మంచిదే. కాని ఒక క్రొత్త ప్రభుత్వము చేతిలో నేమియు లేనినాడు ఎట్లు నిలువదొక్కుకొనునో తెలిసికొనుటకు కర్నూలు, కడప జిల్లాల విద్యార్థులు సముద్రము దాటనక్కరలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినది మన తుంగభద్రాతీరముననే. ఆ మూడేండ్ల చరిత్రలో నాయకులు సాహసించి చేసిన పనులును గలవు. మాట యిచ్చి చేయక విడిచిన పనులును గలవు. రెండింటిని దాపరికము లేక చెప్పుకొనుట మేలు.

ముందుగా ఈ సీమ పూర్వస్థితి తెలియవలెను. 1800లో నైజాము ప్రభువు ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీవారికి అప్పగించెను. అందుచేత చిరకాలము దీనిని దత్తమండలములని పిలిచిరి. రాయలసీమ యను గౌరవనామము 1928లో నంద్యాలలో జరిగిన సభనుండి వాడుకకు వచ్చినది. వానలు కొంచెము; కురిసినను అదనునకు కురియవు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరవును మన పూర్వులు ధాత కరవనిరి. 1871లో 9 లక్షలకు పైగా నుండిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటి లెక్కలలో 7 లక్షలకు దిగువకు పడిపోయెను. పదియేండ్లలో నలుగురిలో నొకరు లేకపోయిరన్నమాట.

ఆ కరవు వచ్చుసరికి సుంకేసులనుండి కడపవరకు సుమారు 190 మైళ్లు సాగు కాలువ త్రవ్వబడియే యుండెననిన చదువరులు ఆశ్చర్యపడుదురు. 1860 పిదప మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు ఇంగ్లాండులో వాటాల సొమ్ము పోగుచేసి దానిని త్రవ్వించిరి. పైరునకు నీరును, సరకునకు పడవమార్గమును రెండును దానివలన సమకూరునని వారి యాశ. వారు కోరిన రాబడి రాలేదు. నల్లరేగడి భూములలో జొన్నయు ప్రత్తియు వాననీటితో పండించుకొను రైతు కాలువనీటికి పన్ను చెల్లించి వరి వేయుటకు త్వరపడలేదు. 1882లో ప్రభుత్వమువారే ఆ కాలువను కొనవలసి వచ్చెను. నేడు కె.సి. కాలువ క్రింద పచ్చని మళ్లను చూచువారికి ఈ సంగతి తోచదు. పని గొప్పదే, కాని త్రవ్వించినవారు లాభనష్టముల లెక్కలు వేసికొన్నంత శ్రద్ధగా రైతు నడిగి తెలిసికొనలేదని నా యభిప్రాయము.

కోస్తా జిల్లాలకు గోదావరీ కృష్ణానదుల యానకట్టలవలన పంటయు, దాని వెంట చదువును, ఉద్యోగములును ముందుగా నబ్బినవి. తెలుగువారికందరికి నొక రాష్ట్రము కావలెనను కోరిక ప్రబలిన కాలమున, అట్టి రాష్ట్రములో తమ మాట చెల్లునా యని సీమవారు శంకించిరి. ఎండిన చెరువు గట్టున నిలిచినవానికి అట్టి శంక కలుగుట సహజము. ఆ శంక తీర్చుటకై 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున, ఉభయప్రాంతముల పెద్దలు సమావేశమై యొక యొడంబడిక వ్రాసికొనిరి. కడప కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు మొదలైనవారు సీమపక్షమున నుండిరి. పదియేండ్లపాటు తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగమున సీమకు ప్రథమస్థాన మీయవలెను. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెను. రాజధాని యొక ప్రాంతమునను, హైకోర్టు వేరొక ప్రాంతమునను ఉండవలెను, వానిలో నేది కావలెనో సీమవారే కోరుకొనవలెను. ఇవి యందలి ముఖ్యాంశములు. బలవంతుడు బలహీనునికి ముందుగా హామీపత్రము వ్రాసి యిచ్చుట రాజకీయములలో తరచుగా జరుగు పని గాదు. ఆ కాగితమే లేకున్న కర్నూలునకు రాజధాని వచ్చెడిది కాదు.

పిమ్మట జరిగిన కథ విద్యార్థులెరిగినదే. పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారదీక్ష సలిపి 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి మదరాసున ప్రాణములు విడిచిరి. నాలుగు దినములకు ప్రధానమంత్రి నెహ్రూగారు ఆంధ్రరాష్ట్రము నేర్పరుతుమని ప్రకటించిరి. మదరాసు నగరము మాత్రము తెలుగువారికి దక్కలేదు. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు వచ్చెను. రాజధానికై కొందరు విజయవాడను, కొందరు తిరుపతిని కోరిరి. వాదోపవాదములు ముగిసిన పిమ్మట శ్రీబాగ్ మాట నిలిచెను; కర్నూలు నిర్ణయమయ్యెను.

అప్పటి కర్నూలు సుమారు 60 వేల జనులు గల యూరు. ఒకవైపు హంద్రి, ఒకవైపు తుంగభద్ర. ఆవలిగట్టు అలంపురము హైదరాబాదు రాష్ట్రములోనిది. నవాబులనాటి కోట బురుజులు, జిల్లా కచ్చేరీలు తప్ప ఒక ప్రభుత్వము కాపురముండదగిన భవనములు లేవు. ప్రకటనకును అవతరణకును నడుమ పదినెలలైన లేవు. కావున గుడారములు వేసిరి. పదునొకండు జిల్లాల రాష్ట్రమునకు చెందిన కాగితములు మదరాసునుండి వచ్చి ఆ గుడారములలో దిగెను. 1953 అక్టోబరు 1వ తేదీన నెహ్రూగారు కర్నూలునకు వచ్చి రాష్ట్రమును ప్రారంభించిరి. సరిగా ఆరు దినములకు, అక్టోబరు 7వ తేదీన, పంజాబు రాజధాని చండీగఢమును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. అక్కడ విదేశములనుండి ప్రఖ్యాత వాస్తుశిల్పులను రప్పించి సరళరేఖలవంటి వీధులతో నగరము కట్టించుచుండిరి. ఇక్కడ కాన్వాసు క్రింద బల్లలు వేసికొని పని మొదలుపెట్టిరి. వేసవిలో మన కర్నూలు బండలు కాగు తీరు ఎరిగినవారికి, మదరాసు సముద్రపుగాలికి అలవాటుపడిన గుమాస్తాలు ఎంత యవస్థపడియుందురో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారికి అప్పటికి 81 సంవత్సరములు. బారిష్టరుగా గడించినదంతయు దేశసేవలో వ్యయపరచి, 1928లో సైమను కమిషను వచ్చినపుడు మదరాసు వీధిలో తుపాకులకు రొమ్ము చూపిన మనిషి ఆయన. భవనములు లేవని గాని, బొక్కసము చాలదని గాని ఆయన జంకలేదు. పదమూడు నెలల యధికారములో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వెలసెను. 1952లో తెగిన బెజవాడ యానకట్టకు బదులుగా క్రొత్త బ్యారేజి పని అదే యేట మొదలయ్యెను. 1957లో పూర్తియై ఆయన పేరనే నేటికిని నిలిచియున్నది. హైకోర్టు 1954 జులైలో గుంటూరున ప్రారంభమయ్యెను. గృహప్రవేశమునకు ముందే పొయ్యి రాజవేసి వంట చేసి పదిమందికి పెట్టు గృహిణివంటి పని యిది.

అయినను పంతులుగారి లోపమును చెప్పక తప్పదు. తన నిర్ణయము న్యాయమని తోచినపుడు ఆయన తోడివారిని కూడగట్టుకొనుటకు ఓపిక పట్టెడివారు కారు. 1954 నవంబరులో మద్యనిషేధమును గూర్చిన వివాదమున ఆయన మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. ధైర్యము ఒకటి, సభలో తలలు లెక్కించుకొను జాగ్రత్త మరియొకటి. రెండవది ఆయనకు అబ్బలేదు. ఓడిన దినమున ఆయన ఆ పరాజయము నంగీకరించి పదవి విడిచిరి.

ఆయన ప్రక్కన ఉపముఖ్యమంత్రిగా నుండినవారు అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామస్థులైన నీలం సంజీవరెడ్డిగారు. శాసనసభలో కాంగ్రెసుపక్షమున బలము ఆయనది. అయినను కాంగ్రెసును విడిచిపోయియుండిన వృద్ధుని పిలిచి పెద్దపీట వేసి, తాము రెండవ పీటపై కూర్చుండిరి. 1955 ఎన్నికల పిమ్మట బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి కాగా మరల రెండవస్థానముననే యుండిరి. 1956లో ఆంధ్రప్రదేశమునకు సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి యైనపుడు, నిన్నటి ముఖ్యమంత్రి గోపాలరెడ్డిగారు వారి క్రింద మంత్రిగా పనిచేసిరి. మన తరగతులలో మానిటరు పని పోయినవాడు క్రొత్త మానిటరుతో వారముదినములు మాటలాడడు! ఆ మూడేండ్లలో నాకు మిక్కిలి నచ్చిన సంగతి యిదియే.

ఇక కష్టమైన భాగము. 1956 నవంబరు 1వ తేదీన తెలంగాణముతో కలసి ఆంధ్రప్రదేశము ఏర్పడెను. హైదరాబాదున శాసనసభా భవనము, హైకోర్టు భవనము, ఉద్యోగుల నివాసములు అన్నియు సిద్ధముగా నుండెను. రాజధాని అక్కడికి పోయెను, హైకోర్టును పోయెను. గుడారములు విప్పిరి. సీమ నాయకులు విశాల రాష్ట్రముకొరకు దీనికి సమ్మతించిరి. ఆ త్యాగము ఉదారమైనదే, సందేహము లేదు. కాని శ్రీబాగ్ కాగితములోని తక్కిన మాటలు ఏమయ్యెను? తుంగభద్ర డ్యాము నీరు 1953 నుండి కాలువలలో పారినను డ్యాము హోసపేటయందు, పరరాష్ట్రమున నుండెను. సీమకు కృష్ణాజలములు తెచ్చునని పలువురు ఆశించిన కృష్ణా-పెన్నా పథకము విడువబడెను. దానికి బదులుగా 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో పునాదిరాయి వేసిరి గాని, అది మొదట విద్యుత్తు కొరకే. దానిక్రింద ఉభయతీరముల నూరుకు పైగా గ్రామములు మునిగెను. తెలుగుగంగ పని 1983లో గాని ఆరంభము కాలేదు. అనంతపురమునకు విశ్వవిద్యాలయము 1981లో వచ్చెను. తొలి పదియేండ్లలో ఇత్తుమన్నవి నలువది, యేబది యేండ్లకు, అదియును కొంతకొంతగా, చేతికందినవి.

సింగపూరువారికిని మనకును ఇచ్చట గల భేదమును విద్యార్థులు గమనింపవలెను. నీరు లేదన్న కొరతను వారు రాజ్యమునకు మొదటి పనిగా నెంచి, ప్రతి వానచినుకును జలాశయములకు మళ్లించిరి. 2003 నాటికి వాడిన నీటినే శుద్ధిచేసి మరల వాడుకొను కర్మాగారములు నెలకొల్పిరి. మనకు ఆనాడే వ్రాతపూర్వకమైన వాగ్దానముండెను. దానిని ఏటేట అడిగి లెక్క చెప్పించుకొను యేర్పాటు ఆ కాగితములో లేదు. వ్రాసిన పెద్దలు ఒకరినొకరు నమ్మిరి. వారి తరము గడచిన పిదప అడుగువారును తక్కువైరి. 2020లో కర్నూలున హైకోర్టు నెలకొల్పుటకు వీలు కల్పించు చట్టమొకటి చేయబడి, మరుసటియేట రద్దు చేయబడినది.

రాజధాని పోయిన కర్నూలునకు 1957లో వైద్యకళాశాల వచ్చినది. ఆ యేడు మొదలు దూరపు పల్లెల రోగులు దానిని ఆశ్రయించుచున్నారు. గుడారముల కాలమున ప్రకాశంగారి మంత్రివర్గములో ఆరోగ్యశాఖ చూచిన యువకుడొకడుండెను: దామోదరం సంజీవయ్య. కర్నూలు చేరువలోని పెదపాడున 1921లో పేద దళిత కుటుంబమున జన్మించి, పసితనముననే తండ్రిని కోల్పోయి, కర్నూలు మునిసిపలు హైస్కూలులో చదివినవారు. రాజధాని తరలిపోయి నాలుగేండ్లు నిండకముందే, 1960 జనవరిలో, ఆయన 38వ యేట హైదరాబాదున ముఖ్యమంత్రిపదవి స్వీకరించిరి. దళితుడు ముఖ్యమంత్రి యగుట భారతదేశమున అదే ప్రథమము. దిక్కులేని వృద్ధులకు నెలనెల పింఛను ఇచ్చు ఏర్పాటు ఆయన ప్రభుత్వములో మొదలైనది.