విడుదల లేనిదే విశ్రాంతి లేదు
సునాద సంవత్సరం మనకు నేర్పే పాఠం



జూబిలీ అనగానే మన సంఘాల్లో అందరికీ పండుగే గుర్తుకు వస్తుంది. గుడి కట్టి యాభై ఏళ్ళయితే షామియానా వేస్తాం, సావనీరు అచ్చు వేయిస్తాం, ప్రేమవిందు పెడతాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ మాట పుట్టింది విందు దగ్గర కాదు, అప్పుల్లో మునిగిన ఇంటి గుమ్మం దగ్గర. ఆ సంగతి మాకు బైబిలు తరగతిలో కంటే ముందు వార్డులోనే అర్థమయింది.

కొన్నేళ్ళ క్రితం వేటకు పోయే ఒక పెద్దాయన షుగరు పుండుతో మా వార్డులో చేరాడు. కాలి వేలు ఒకటి తీసివేశారు. ఇంటికి పంపేటప్పుడు చీటీలో "ఆరు వారాలు కాలు కింద మోపరాదు, పూర్తి విశ్రాంతి" అని రాసి, మందులు చేతిలో పెట్టి, జాగ్రత్తలన్నీ చెప్పాం. పన్నెండో రోజున ఆయన మళ్ళీ వచ్చాడు. కట్టు ఉప్పునీటిలో నాని ఉంది, పుండు చీము పట్టి ఉంది. మేము ఆయన్ను గట్టిగా కోప్పడ్డాం. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. పక్కనున్న భార్య మాత్రం, "సిస్టరమ్మా, ఆయన పడుకుంటాడు. బోటాయన దగ్గర తెచ్చిన అడ్వాన్సు మీద వడ్డీ పడుకుంటదా అమ్మా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. చివరకు ఆ పాదమే తీయవలసి వచ్చింది. విశ్రాంతి అని చీటీలో రాశామే గాని, ఆ ఇంట్లో విశ్రాంతికి చోటుందా అని మేము ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు మాది.

లేవీయకాండము 25వ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. ఆరేళ్ళు పొలం విత్తాలి, ఏడవ యేట భూమికి విశ్రాంతి ఇవ్వాలి. అలాంటి ఏడేళ్ళు ఏడుసార్లు గడిచాక యాభయ్యవ సంవత్సరం వస్తుంది. ఏడవ నెల పదవ రోజున, అంటే ప్రాయశ్చిత్తార్థ దినాన, దేశమంతటా బూర ఊదించాలి. పొట్టేలు కొమ్ముకు హెబ్రీ భాషలో యోబేలు అని పేరు. జూబిలీ అన్న మాట దాని నుండే వచ్చింది. మన తెలుగు బైబిలులో దీన్ని సునాద సంవత్సరం అన్నారు. మంచి ధ్వని వినబడే సంవత్సరం అని అర్థం.

అప్పుల పాలై అమ్ముకున్న పొలం ఆ ధ్వనితో తిరిగి సొంత కుటుంబానికి వచ్చేది. అప్పు తీర్చలేక తన్ను తాను అమ్ముకున్న ఇశ్రాయేలీయుడు పిల్లలతో కూడ స్వతంత్రుడై ఇంటికి వెళ్ళేవాడు. బీదవాడైన సహోదరుని దగ్గర వడ్డీ తీసుకోవద్దని కూడా అదే అధ్యాయంలో ఉంది. భూమి దేవునిది, మనం ఆయన దగ్గర కాపురమున్న పరదేశులం అనేది దీనంతటికీ మూలం.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, విశ్రాంతి, విడుదల ఒకే అధ్యాయంలో ఉన్నాయి. అప్పుల కట్టు విప్పకుండా దేవుడు ఎవరినీ ఊరకే పడుకోమనలేదు. రెండవది, ఆ బూర ధ్వని పాపక్షమాపణ దినాన వినబడుతుంది. దేవుని దగ్గర క్షమాపణ పొందినవాడు ఆ రోజే తన సహోదరుణ్ణి విడిచిపెట్టాలి.

ఏడవ యేట విత్తకపోతే ఏమి తినాలి అని జనులు అడుగుతారని దేవునికి ముందే తెలుసు. అందుకే ఆ ప్రశ్నను కూడా అదే అధ్యాయంలో చెప్పి, ఆరవ యేట చాలినంత పంట ఇస్తానని మాట ఇచ్చాడు.

మన జువ్వలదిన్నె వాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్లు వేటకు పోరాదు. 2015కు ముందు ఇది 47 రోజులు ఉండేది. చేపలు గుడ్లు పెట్టి పెరిగేందుకు సముద్రానికి ఇచ్చే విశ్రాంతి ఇది. దీన్ని చూసినప్పుడల్లా మాకు ఏడవ యేటి భూమి గుర్తుకు వస్తుంది. ఆ రోజులకు ఏమి తినాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వం కొంత భృతి ఇస్తున్నది. 2019లో అది 10,000 రూపాయలు, 2025లో 20,000 అయింది. అది మంచి సహాయమే. అయినా పాత అడ్వాన్సు అలాగే ఉంటే ఆ డబ్బు గుమ్మంలోనే వడ్డీకి పోతుంది. సముద్రం విశ్రమిస్తుంది, మనిషి విశ్రమించడు.

విశ్రాంతి కోసం మన పెద్దలు ఎంత పోరాడారో ఈ తరం పిల్లలకు తెలియాలి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. ఆనాడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. యర్రగుంట్ల పేరయ్యగారి వంటి మాదిగ సహోదరుల సాక్ష్యం వలన పల్లె పల్లెలో జనులు ప్రభువును అంగీకరించారు. వారికి నేర్పిన మొదటి నియమాల్లో ఆదివారం పని చేయకూడదనేది ఒకటి. ఈనాడు ఇది చిన్న మాటగా వినిపిస్తుంది. ఊరి పెద్ద పిలిస్తే పగలనక రాత్రనక వెళ్ళవలసిన మనిషి, ఈ ఒక్క దినం నేను నా దేవునివాడను అని చెప్పడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. అందుకు వాళ్ళు పెద్దల కోపానికి గురై ఎన్నో కష్టాలు పడ్డారు. వాళ్ళకు ఆదివారం అంటే సెలవు కాదు, విడుదల. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం కూడా అదే. మీరు ఐగుప్తులో దాసులైయుండిరి గనుక మీ దాసుని, దాసిని, ఎద్దును కూడా విశ్రమించనియ్యండి అన్నదే దాని సారం.

నజరేతు సమాజమందిరంలో మన ప్రభువు యెషయా గ్రంథం తీసి చదివింది కూడా బీదలకు సువార్త, చెరలోనున్న వారికి విడుదల, ప్రభువు హితవత్సరం గురించే. ఆ లేఖనం నేడు నెరవేరిందని ఆయన చెప్పాడు. అంటే మనం యాభయ్యవ యేటి కోసం ఎదురుచూడనవసరం లేదు. సిలువలో మన అప్పు కొట్టివేయబడింది. ఇక మన దగ్గర అప్పుపడిన వాని సంగతి ఏమిటి? నెహెమ్యా 5వ అధ్యాయంలో, కరువులో పొలాలు కుదువపెట్టి పిల్లలను దాసులుగా అప్పగించిన వారి మొర విని, నెహెమ్యా పెద్దలను పిలిచి వడ్డీ మాన్పించి, పొలాలు తిరిగి ఇప్పించాడు. మన సంఘంలో వడ్డీకి ఇచ్చేవారూ ఉన్నారు, బోటు యజమానులూ ఉన్నారు. వారిని నొప్పించాలని కాదు గాని, ఈ అధ్యాయం ఇంట్లో ఒకసారి చదవమని ప్రేమతో కోరుతున్నాం.

ఇక మా వైద్యపు మాటలు కొన్ని. విశ్రాంతి కూడా మందే. దాన్ని మధ్యలో ఆపితే మిగిలిన మందులు పని చేయవు.

షుగరు ఉన్నవారికి పాదం మీద పుండు పడితే ఆ కాలి మీద బరువు మోపకూడదు. నొప్పి లేదని నడిస్తే పుండు లోపలికి పోతుంది.

కాన్పయిన తల్లికి కనీసం ఆరు వారాలు బరువు పనులు చెప్పవద్దు. పచ్చి బాలింత చేపల గంప నెత్తిన పెట్టుకుంటే ముందు ముందు గర్భసంచి జారే ప్రమాదం ఉంది. అత్తగార్లు దయచేసి గమనించాలి.

హెర్నియా ఆపరేషను అయినవారు డాక్టరు చెప్పేవరకు వల లాగరాదు, మూట మోయరాదు.

టి.బి. మందులు కనీసం ఆరు నెలలు మానకుండా వాడాలి. మందులు ఉచితం. ఆహారం కోసం నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేస్తుంది. ఆధారు, పాసుబుక్కు తీసుకుని అడగండి.

అడ్వాన్సు తీరేదాకా మరో చోటికి పోనివ్వకుండా బోటు మీద గాని, రొయ్యల గుంట దగ్గర గాని, ఇటుకల బట్టీలో గాని ఎవరినైనా కట్టిపెడితే అది నేరం. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు రద్దయినట్టే. ఆర్డీవో గారికి లేదా కలెక్టరు గారికి అర్జీ పెట్టవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయవచ్చు.

ఆ పెద్దాయన తరువాత మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంటికి పంపేముందు రోగిని, ఇంటివారిని కూర్చోబెట్టి, "ఈ విశ్రాంతికి మీకు అడ్డం ఏమిటి?" అని అడుగుతాం. అప్పు అని కొందరు, ఇంట్లో వండేవాళ్ళు లేరని కొందరు చెబుతారు. అన్నీ తీర్చే శక్తి మాకు లేదు. సంఘానికి ఉంది. వేట లేని ఆ 61 రోజుల్లో ఒక రోగి ఇంటికి నెల బియ్యం, ఒక బాలింత ఇంటికి వారం రోజుల వంట, ఒక సహోదరునికి వడ్డీ లేని అప్పు, లేదా రెండు నెలల వడ్డీ మాఫీ. బూర ఊదేవారు లేకపోయినా ఆ ఇంట్లో సునాదం వినబడుతుంది.

ప్రయాసపడి భారము మోయుచున్న వారిని తన యొద్దకు పిలిచిన ప్రభువు మీ ఇళ్ళకు విడుదలను, విశ్రాంతిని అనుగ్రహించును గాక. ఆమేన్.