బైబిలు ఉండగా విశ్వాస ప్రమాణం ఎందుకు?

‘బైబిలు చాలు, విశ్వాస ప్రమాణం ఎందుకు?’ మన ఊళ్లలోని స్వతంత్ర సంఘాల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. చరిత్రలోని, లేఖనంలోని అంకెలు కొన్ని చూస్తే జవాబు దొరుకుతుంది.

325: కుమారుణ్ని తండ్రి సృష్టించాడనీ, ఆయన లేని కాలమొకటి ఉండేదనీ అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు బోధించాడు. గొడవ ముదిరింది. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియాలో సభ పిలిచాడు. నేటి తుర్కియేలోని ఇజ్నిక్ పట్టణమే అది. వచ్చిన బిషప్పులు 318 మందని సంప్రదాయం చెబుతుంది.

14:28, 10:30: తండ్రి తనకన్నా గొప్పవాడని యేసు చెప్పిన వచనం (యోహాను 14:28) అరియస్ పక్షానికి ఆధారం. తానూ తండ్రీ ఏకమని చెప్పిన వచనం (10:30) ఎదుటి పక్షానికి బలం. రెండూ ఒకే సువార్తలోవి. వచనానికి వచనం చూపుకుంటూ పోతే తగాదా తెగదు. లేఖనమంతా కలిపి యేసును ఎవరంటోందో తేల్చాలి. అందుకే కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడని సభ తన విశ్వాస ప్రమాణంలో రాసిపెట్టింది. చివరిదాకా ఒప్పుకోని బిషప్పులు ఇద్దరే.

5: సభ ముగిసినా పోరు ఆగలేదు. చక్రవర్తులు మారినప్పుడల్లా గాలి మారింది. నైసియా మాటకు కట్టుబడిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ 5 సార్లు బహిష్కరణకు గురై, సుమారు 17 ఏళ్లు తన పీఠానికి దూరంగా గడిపాడు.

367: నేటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలనే, ఎక్కువ తక్కువల్లేకుండా, పేర్కొన్న తొలి జాబితా ఈ అతనాసియస్ రాసిన ఈస్టరు లేఖలోనే కనిపిస్తుంది. అంటే నైసియా ప్రమాణం అంతకు 42 ఏళ్లు పెద్దది.

381: కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మను గురించిన భాగాన్ని విస్తరించింది. ఆరాధనల్లో నైసియా ప్రమాణంగా నేడు చదివేది ఈ రూపమే.

1947: ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ నేపథ్యాల సంఘాలు దక్షిణ భారత సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏకమయ్యాయి. మెదక్, దోర్నకల్ డయోసిస్‌లు అందులోవే. ఆచారాలు వేరైనా, అపొస్తలుల ప్రమాణాన్నీ నైసియా ప్రమాణాన్నీ అందరూ అంగీకరించారు.

ప్రమాణానికి అధికారం లేఖనం నుంచే వస్తుంది. అయితే బైబిలు పేరు చెప్పి ఎవరికి తోచిన క్రీస్తును వారు బోధించకుండా అడ్డుకునేది ప్రమాణమే. కాబట్టి కాపరులు దాన్ని కంఠస్థం చేయించి వదిలేయకూడదు. ప్రతి మాటా ఏ వచనం మీద నిలిచిందో బాప్తిస్మానికి ముందే నేర్పాలి.