పెట్టుబడి చైనావాళ్లది, పాట మనది, మాట మలయ్

1949లో భానుమతి, అక్కినేని ‘లైలా మజ్ను’గా కనిపించడానికి పదిహేనేళ్ల ముందే ఆ జంట మలయ్‌లో మాట్లాడేసింది. 1934లో సింగపూర్‌లో ఆడిన ‘లైలా మజ్నూన్’ తొలి మలయ్ టాకీ. తీసినవాడు భారతీయుడు, బి.ఎస్. రాజ్‌హన్స్. వేషాలు కట్టినవాళ్లు ‘బంగ్సావన్’ నటులు. పార్సీ నాటకాలు చూసి పుట్టుకొచ్చిన పాటల నాటకం ఈ బంగ్సావన్. ఇంచుమించు మన సురభి ఈడుది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక షా సోదరులు సింగపూర్‌లోని జలాన్ అంపాస్ వీధిలో స్టూడియో నడిపారు. డబ్బు చైనా వ్యాపారులది, దర్శకత్వం ఎక్కువగా భారతీయులది, ముఖాలు మలయ్‌వాళ్లవి. ఫణి మజుందార్, ఎల్. కృష్ణన్ లాంటివాళ్లు ఇక్కణ్నుంచి వెళ్లి అక్కడ సినిమాలు తీశారు. ఇంగ్లీషులో రాసిన స్క్రిప్టును సహాయకులు మలయ్‌లోకి మార్చేవాళ్లు. మాటలు మారినా పాటలు, విడిపోయిన ప్రేమికులు, కుమిలిపోయే తల్లులు మాత్రం మారలేదు. పరాయివాళ్ల మలయ్ ఇదని స్థానిక కళాకారులు గొణిగారంటే గొణగరూ మరి!

ఆ గొణుగుడుకు జవాబు పి. రామ్లీ. పెనాంగ్ కుర్రాడు. 1948లో రాజ్‌హన్స్ కంటపడి, పాటగాడిగా స్టూడియోలో అడుగుపెట్టాడు. 1955లో రిక్షావాలా కథ ‘పెనారెక్ బెచా’తో దర్శకుడయ్యాడు. నటన, రచన, స్వరాలు, గాత్రం అన్నీ తనే. 1962 నాటి ‘ఇబు మెర్తువాకు’ (మా అత్తగారు) చివరి ఘట్టం ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచేలా చేస్తుంది: చూపు తిరిగొచ్చాక అసలు నిజం తెలుసుకున్న గాయకుడు ఫోర్కులతో తన కళ్లు తనే పొడుచుకుంటాడు.

రంగులు తొందరగానే వచ్చాయి, కానీ నిలవలేదు. పోటీ సంస్థ కేథే-కెరిస్ 1953లోనే ‘బులుహ్ పెరిందు’ను రంగుల్లో తీసింది. 1956లో షా వాళ్లు రామ్లీ హీరోగా ‘హాంగ్ తువా’ను రంగుల్లో తెచ్చారు. ఖర్చు భరించలేక మళ్లీ నలుపు తెలుపుల్లోకే దిగారు. 1957లో బి.ఎన్. రావు తీసిన ‘పోంతియానాక్’ మాత్రం జనాన్ని విరగబడేలా చేసింది. మరియా మెనాడో ఆడదెయ్యం. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు.

1963లో టీవీ వచ్చింది. అదే ఏడాది మలేసియాకు ఇండోనేషియాతో తగవు ముదిరి పెద్ద మార్కెట్టు మూసుకుపోయింది. 1967కల్లా జలాన్ అంపాస్‌లో నిర్మాణం ఆగిపోయింది. అప్పటికే కౌలాలంపూర్‌లోని మెర్దెకా స్టూడియోకి మారిన రామ్లీకి పాత సరంజామా దొరకలేదు, పాత ఆదరణా దక్కలేదు. 1973లో 44 ఏళ్లకే పోయాడు.

ఆ తర్వాత చాలాకాలం నీరసమే. 1981లో మలేసియాలో ఫినాస్ అనే జాతీయ సినిమా సంస్థ ఏర్పడింది. 1995లో దర్శకుడు ఊ-వెయ్ తీసిన ‘కాకి బకర్’ కాన్ చిత్రోత్సవం దాకా వెళ్లింది. అసలు మలుపు కంప్యూటర్‌తో వచ్చింది. లెస్ కొపాక్ అనే సంస్థ పూర్తినిడివి త్రీడీ యానిమేషన్ చిత్రం ‘గెంగ్’కు ముందు, 2007 రంజాన్‌లో ఉపవాసాల గురించి చిన్న కథలు వేసి చూసింది. వాటిలోని కవల పిల్లలు ఉపిన్, ఇపిన్. ‘గెంగ్’ 2009లో విడుదలైంది. గుండ్లతో తిరిగే ఆ బుడతలు ఇండోనేషియా టీవీలోనూ తిష్ఠ వేశారు. 1963లో మూసుకున్న తలుపు తీయించింది వాళ్లే.